మూడు డాలర్ల చెంచా

మే, రెండో వారం

ప్రాజెక్టు ఇది: 1750, 1760ల నాటి బోస్టన్ వెండి పనివాళ్ళ పద్ధతిలో ఒక టేబుల్ స్పూను చేయాలి. రేకు తెచ్చి కత్తిరించడం కాదు. నాణేలు కరిగించి, కడ్డీ పోసి, ఆ కడ్డీని సుత్తితో సాగగొట్టి చేయాలి. మసాచుసెట్స్‌లో కాపురముంటూ, వారాంతాల్లో గ్యారేజీలో లోహప్పని చేసుకుంటూ, ఇక్కడివాళ్ళ పాత పనితనం జోలికి పోకపోతే ఎలా అని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. ఇప్పటికి కుదిరింది.

ముందు నమూనా కావాలి. బ్రిమ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో మే, జులై, సెప్టెంబరు నెలల్లో పాత సామాన్ల సంత జరుగుతుంది. రోడ్డుకి రెండు పక్కలా పొలాల నిండా టెంట్లు. వెండి చెంచాల్ని రబ్బరు బ్యాండు వేసి గుత్తులుగా అమ్ముతారు. వెతికి వెతికి రెండు తీసుకున్నాను.

ఒకటి ఫిడేలు ఆకారపు కాడ ఉన్న టీ స్పూను. వీపు మీద ‘ప్యూర్ కాయిన్’ అని ముద్ర, పక్కన అరిగిపోయిన పేరు. 1830ల నాటి సరుకు. రెండోది టేబుల్ స్పూను, దానికన్నా అరవై డెబ్భై ఏళ్ళు పెద్దది. కాడ కొస పైకి వంగి ఉంది. ముందుపక్క కొస నుంచి కొంతదూరం సన్నటి వెన్నుగీత. వెనక, కాడ గుంటను కలిసేచోట బొట్టు ఆకారంలో చిన్న ఉబ్బు. మొన ఒక పక్కకే అరిగింది, తరాల తరబడి కుడిచేతివాళ్ళు గిన్నె అడుగు గీకిన గుర్తు. ముద్రలో అక్షరాలు చెరిగిపోయి చుట్టూ గడి మాత్రం మిగిలింది. చేసినవాడి పేరు తెలియదు కాబట్టే నాకు అందుబాటు ధరలో దొరికింది.

ఇంటికి రాగానే కాలిపర్‌తో కొలిచాను. టీ స్పూను ఎక్కడ పట్టినా ఒకటే మందం, మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. టేబుల్ స్పూను అలా లేదు. కాడ గుంటను కలిసే మెడ దగ్గర 4 మిల్లీమీటర్లు దాటింది. అక్కణ్ణుంచి కొసకి వెళ్ళేకొద్దీ వెడల్పు పెరుగుతూ మందం తగ్గింది. గుంట అడుగున 1 మిల్లీమీటరే, అంచు దగ్గర మళ్ళీ కాస్త ఎక్కువ. చెంచా ఎక్కడ వంగుతుందో అక్కడ వెండి పోగుచేశాడు, అక్కర్లేని చోట పొదుపు చేశాడు.

ఈ తేడాకి కారణం రోలింగు మిల్లు, అంటే లోహాన్ని రోలర్ల మధ్య నొక్కి రేకు చేసే యంత్రం. బోస్టన్ వెండి పనివాడు పాల్ రివీర్ 1785లో తన దుకాణానికి ఒకటి తెప్పించుకున్నాడు. అతనొక్కడే కాదు, ఆ కాలంలో ఊరూరా వెండి రేకు తేలిగ్గా దొరకడం మొదలైంది. రేకు నుంచి ఆకారం కత్తిరించి, కాస్త కొట్టి, గుంట దించితే చెంచా తయారు. ఫిడేలు చెంచాల్లో చాలా భాగం అలా వచ్చినవే. నాకు కావాల్సింది అంతకు ముందు రకం.

మే ఆఖరు

పాత అమెరికన్ చెంచాని గుర్తుపట్టాలంటే తిరగేసి చూడాలి. మ్యూజియాల్లో చాలాచోట్ల ముఖం పైకి పెడతారు గానీ అసలు కబుర్లన్నీ వీపు మీదే ఉంటాయి.

పదిహేడో శతాబ్దం ఆఖరి పాతికేళ్ళలో కాడ కొసని మూడు చీలికలుగా చేసేవారు. వెనక, మెడ నుంచి గుంట మధ్య దాకా సన్నగా సాగిన వెన్ను ఒకటి ఉండేది. దాన్ని ఎలుక తోక అంటారు. అందం కోసం అనిపిస్తుంది గానీ అది గుంట విరక్కుండా కాసే దూలం. 1700 దాటాక చీలికలు పోయి కొస అలలాగా వంపు తిరిగింది. 1710ల నుంచి గుండ్రటి కొస, పైకి వంపు, ముందు వెన్నుగీత. ఇంగ్లండుని అప్పుడు ఏలిన రాజవంశం పేరు మీద దీన్ని హనోవేరియన్ అంటారు. నా టేబుల్ స్పూను ఈ జాతిదే. ఈ కాలంలోనే ఎలుక తోక పొట్టిదై పొట్టిదై చివరికి బొట్టుగా మిగిలింది. కొందరు జంట బొట్టు వేశారు, కొందరు దాని కింద ఆల్చిప్ప బొమ్మ అచ్చుకొట్టారు.

1760ల తర్వాత కాడ కొస కిందికి వంగడం మొదలైంది. దాంతో పాటే యజమాని పేరు అక్షరాలు వీపు మీద నుంచి ముఖం మీదికి వచ్చాయి. ఎందుకంటే అంతకు ముందు చెంచాని బల్ల మీద బోర్లా పెట్టేవారు. వచ్చినవాళ్ళకి కనిపించేది వీపే. అందుకే ఆల్చిప్పలూ అక్షరాలూ అక్కడ. కొస కిందికి వంగాక వెల్లకిలా పెట్టడం మొదలైంది, అలంకారం అంతా ముందుకి నడిచింది. 1790ల్లో కొస మూలలు కోసినట్టు ఉండే శవపేటిక ఆకారం వచ్చింది. ఆ పేరు చూసి దీనికీ చావుకీ సంబంధం కడతారు గానీ అదేమీ లేదు, ఆకారాన్ని బట్టి తర్వాతివాళ్ళు పెట్టిన పేరు. చావు చెంచాలు వేరే ఉన్నాయి. న్యూయార్కు ప్రాంతపు డచ్చి కుటుంబాల్లో శవపేటిక మోసినవాళ్ళకి వెండి చెంచా ఇచ్చే ఆచారం ఉండేది. అది అంతకు చాలా ముందటి సంగతి.

బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో రివీర్ 1768లో చేసిన సన్స్ ఆఫ్ లిబర్టీ బౌల్ ఉంది. రాజు ఆజ్ఞని ధిక్కరించి ఓటు వేసిన 92 మంది శాసనసభ్యుల గౌరవార్థం చేసింది. 1949లో మ్యూజియం దాన్ని కొనడానికి వేసిన చందాల్లో బడిపిల్లల చిల్లర కూడా ఉంది. దాని ముందు ఎప్పుడూ జనం ఉంటారు, ఉండాలి కూడా. ఫిలడెల్ఫియాలో ఫిలిప్ సింగ్ 1752లో చేసిన సిరాబుడ్డి స్టాండూ అంతే, 1776 స్వాతంత్ర్య ప్రకటన సంతకాలకి వాడింది అదే. కానీ అలాంటి పని ఎన్నాళ్ళకో ఒకసారి తగులుతుంది. దుకాణం నడిచేది చెంచాలు, బకిళ్ళు, బొత్తాల మీద. రివీర్ దినపుస్తకాలు రెండు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి, 1761 నుంచి 1797 దాకా లెక్కలు. వాటిలో చెంచాలే చెంచాలు. 1772లో ఒకాయన పెంపుడు ఉడుతకి చేసిన వెండి గొలుసు కూడా ఉందనుకోండి. చరిత్రలో రివీర్ 1775 ఏప్రిల్ 18 రాత్రి బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరించడానికి గుర్రం మీద వెళ్ళినందుకు గుర్తున్నాడు. నాకు మాత్రం ఉడుత గొలుసుకి బిల్లు రాసిన మనిషే దగ్గరివాడిలా అనిపిస్తాడు.

ఖాయం చేసుకున్నది: హనోవేరియన్ కాడ, ఒంటి బొట్టు, పొడవు 20 సెంటీమీటర్లు, పూర్తయ్యాక 60 గ్రాముల చుట్టుపక్కల.

జూన్, మొదటి వారం

వెండి సంగతి. రిఫైనరీ నుంచి స్టెర్లింగు కడ్డీ తెప్పించుకోవచ్చు, 1000కి 925 పాళ్ళు వెండి. కానీ ఈ పనికి అది అతకదు. వీళ్ళు చేసింది నాణేల వెండితో.

వలస కాలపు అమెరికాలో బ్యాంకులు లేవు. వ్యాపారంలో చేతికొచ్చేది ఎక్కువగా స్పానిష్ డాలర్లు, మెక్సికోలోనూ దక్షిణ అమెరికాలోని పొటోసీలోనూ తవ్విన వెండితో కొట్టినవి, ఒక్కోటి 27 గ్రాములు. సంచెడు డాలర్లు ఇంట్లో పెట్టుకుంటే దొంగ ఎత్తుకుపోయాక ఇవి నావే అని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. అందుకని డబ్బున్నవాళ్ళు నాణేల్ని వెండి పనివాడికి ఇచ్చి చెంబో చెంచాలో చేయించుకుని, పేరు అక్షరాలు చెక్కించుకునేవారు. పోతే పత్రికలో ప్రకటన ఇవ్వడానికి ముద్ర ఉంది, అక్షరాలు ఉన్నాయి, బరువు ఉంది. అవసరం పడితే తూచి కరిగించుకోవచ్చు. మన ఇళ్ళల్లో ఇత్తడి బిందెల మీదా స్టీలు గిన్నెల మీదా చుక్కలతో పేర్లు కొట్టిస్తాం కదా, పెళ్ళిళ్ళలో సామాను కలిసిపోయినా ఇట్టే తెలుస్తుంది. వీళ్ళదీ అదే ఆలోచన, లోహమే వేరు.

దీంతో వెండి పనివాడు సగం బ్యాంకరు అయ్యాడు. జాన్ హల్ అనే ఆయన అచ్చంగా అంతే. మసాచుసెట్స్ వాళ్ళు 1652లో సొంత టంకశాల పెట్టుకున్నప్పుడు దాన్ని హల్‌కీ, అతని భాగస్వామి రాబర్ట్ శాండర్సన్‌కీ అప్పగించారు. పైన్ చెట్టు బొమ్మ ఉన్న షిల్లింగులు అక్కడివే. ఎన్నేళ్ళు కొట్టినా వాటి మీద సంవత్సరం 1652 అనే వేశారు. హల్ దగ్గర పని నేర్చిన జెరెమయా డమ్మర్ ఇక్కడే పుట్టి వెండి పనివాడైన మొదటివాడు. బోస్టన్‌లోనే ఇంకో వెండి పనివాడు జాన్ కోనీ, 1690 నాటి మసాచుసెట్స్ కాగితం డబ్బుకి పలకలు చెక్కాడంటారు. ఆ కోనీ దగ్గర శిష్యుడుగా చేరిన ఫ్రెంచి కుర్రాడు అపోలోస్ రివ్వార్, మన పాల్ రివీర్ తండ్రి. వెండి, డబ్బు, అచ్చు, ఇవన్నీ వాళ్ళకి ఒకే బల్ల మీద పనులు.

లండన్‌లో అయితే వెండి వస్తువుని పనివాళ్ళ సంఘం పరీక్షించి స్వచ్ఛత ముద్ర వేసేది. ఇక్కడ అలాంటి వ్యవస్థ లేదు. బాల్టిమోర్‌లో మాత్రం 1814 నుంచి 1830 దాకా పరీక్ష కార్యాలయం నడిచింది. మిగతా చోట్ల పనివాడి పేరే హామీ. తప్పుడు వెండి అమ్మాడని తెలిస్తే చర్చిలో పక్కన కూర్చునేవాడు లేచిపోతాడు. అంతకన్నా గట్టి తనిఖీ ఏముంటుంది?

1837 నుంచి అమెరికా వెండి నాణేల్లో 1000కి 900 పాళ్ళు వెండి, మిగతాది రాగి. 1964 దాకా వచ్చిన డైములు (పది సెంట్లు), క్వార్టర్లు (పాతిక సెంట్లు), హాఫ్ డాలర్లు అన్నీ ఆ లెక్కే. ఇక్కడ ఇప్పుడు కరిగించకూడనివి ఒక సెంటు, అయిదు సెంట్ల నాణేలు మాత్రమే. వెండివాటికి అభ్యంతరం లేదు. నాణేల దుకాణంలో ముఖం అరిగిపోయి సేకరించేవాళ్ళకి పనికిరాని క్వార్టర్లు వెండి ధరకే ఇస్తారు. ఒక్కోటి 6.25 గ్రాములు. పన్నెండు తెచ్చాను, 75 గ్రాములు. ముఖవిలువ మూడు డాలర్లు.

“మూడు డాలర్లని కరిగిస్తున్నావా?” అన్నారు మావారు. దుకాణంలో ఎంత ఇచ్చానో చెప్పలేదు.

జూన్, మూడో వారం

పోత అయింది.

మూసకి లోపలంతా వెలిగారం పూసి ఎర్రగా కాల్చి, గాజులా పొర కట్టించాను. క్వార్టర్లు వేసి టార్చి మంట పెడితే ముందు నల్లబడ్డాయి, తర్వాత అంచులు మెత్తబడ్డాయి. వాషింగ్టన్ ముఖాలు ఒకదాని మీద ఒకటి వాలి, ఉన్నట్టుండి అన్నీ కలిసి ఒక్క ముద్దయ్యాయి. శుద్ధమైన వెండికి 962 డిగ్రీలు కావాలి, పదోవంతు రాగి కలిస్తే 900 లోపే కరుగుతుంది. ఇంకొంచెం వెలిగారం చల్లి, గ్రాఫైటు పుల్లతో కలిపి, మంట తీయకుండానే ఇనప అచ్చులోకి వంచాను. అచ్చుకి ముందే నూనె రాసి వేడిచేసి పెట్టాను. చల్లటి అచ్చులో పోస్తే వెండి మడతలు పడి గడ్డకడుతుంది.

వచ్చిన కడ్డీ 8 మిల్లీమీటర్ల చదరం, పొడవు 11 సెంటీమీటర్ల పైన. పై ముఖం ముడతలు పడింది. అది ఎప్పుడూ ఉండేదే. సుత్తి పట్టకముందే ఆ ముడతల్ని ఆకురాయితో పూర్తిగా తీసేయాలి, లేకపోతే దెబ్బ దెబ్బకీ లోపలికి దిగి పగుళ్ళవుతాయి. పొడి అంతా బల్ల కింద కట్టిన తోలు తిత్తిలో పడింది. నూట యాభై ఏళ్ళు, రెండొందల ఏళ్ళ కిందటి దుకాణాల్లో నేల ఊడ్చిన చెత్త కూడా దాచి కరిగించేవారు.

జూన్ ఆఖరు

సాగగొట్టడం. ఈ ప్రాజెక్టు మొత్తం ఇక్కడే ఉంది కాబట్టి వివరంగా రాస్తాను.

వెండిని చల్లగా ఉన్నప్పుడే కొట్టాలి, ఇనుములాగా ఎర్రగా కాల్చి కాదు. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. దెబ్బ మొద్దుగా పలికినంతసేపూ పర్వాలేదు, కంగుమనడం మొదలై సుత్తి ఎగిరిపడుతుంటే ఆపాలి. అప్పుడు కాల్చి మెత్తబరచాలి. దీపాలు తగ్గించిన గదిలో వెండి మసక ఎరుపు పట్టేదాకా వేడిచేసి, ఎరుపు తగ్గాక నీళ్ళలో ముంచాలి. పగటి వెలుతురులో ఆ ఎరుపు కనపడదు, కనపడే సరికి బాగా మించిపోయి ఉంటుంది. అందుకే పనంతా రాత్రి పెట్టుకున్నాను. పైన పట్టిన నల్లటి పొర పోవడానికి వేడి నిమ్మ ఉప్పు నీళ్ళలో వేస్తున్నాను. ఆ నీళ్ళలో ఇనప పట్టకారు పెట్టకూడదు, పెడితే నీళ్ళలో చేరిన రాగి వెండి మీద ఎర్రగా అంటుకుంటుంది. రాగి పట్టకారే వాడాలి.

సుత్తి ముఖం చదునుగా ఉంటే లోహం అన్ని దిక్కులా పాకుతుంది. అడ్డంగా సన్నటి అంచు ఉన్న సుత్తితో కొడితే ఆ అంచుకి అటూ ఇటూ మాత్రమే కదులుతుంది, చపాతీ కర్ర కింద పిండి కర్రకి అడ్డంగా జరిగినట్టు. చెంచా చేయడమంటే ఈ ఒక్క సూత్రాన్ని ఎటు తిప్పి వాడాలో తెలియడమే. కడ్డీకి ఒక కొసన ముద్ద వదిలి, దాని వెనక మెడ దించాను. సుత్తి అంచుని కడ్డీ పొడవునా పట్టి కొడితే ముద్ద పక్కలకి విచ్చుకుంది, గుంట అవబోయేది అదే. మెడని ముట్టుకోలేదు. కాడని నాలుగు పక్కలా తిప్పుతూ పొడవు లాగి, రెండో కొసని మళ్ళీ వెడల్పు చేశాను.

తెనాలిలో మా అమ్మ వాళ్ళకి ఎప్పట్నుంచో పనిచేసే ఆచారి గారికి వీడియో కాల్ చేసి చూపించాను. ఆయనకి అక్కడ పొద్దున్న, షాపు ఇంకా తెరవలేదు.

“ఎంతసేపు కొడతావమ్మా అలాగ? అచ్చులో పోస్తే పోయేదానికి.”

“పోసింది వంగిపోతుంది, కొట్టింది నిలబడుతుంది అని మీరే కదండీ చెప్పారు.”

“చెప్పాలే. చెంచాకి పెట్టుకుంటావనుకోలా.” కాసేపు చూసి, “ఏదీ, ఆ అంచు దగ్గరికి పట్టు. ఇంకా దగ్గరికి. అదిగో, మూలన గీత. చూశావా?”

నాకు కనపడలేదు. అద్దం పెట్టి చూస్తే ఉంది, వెంట్రుకంత.

“దాన్ని రాయితో తీసెయ్. దాని మీద కొట్టావా, లోపలికి పోద్ది. గుంట దించేటప్పుడు చీరుకుపోద్ది.”

తీసేశాను. ఇంకో మాట కూడా అన్నారు: నిమ్మ ఉప్పు కన్నా చింతపండు మంచిది, వెండికి తెలుపు బాగా వస్తుంది. అది మాత్రం నేను ఆచరించలేదు. ఇక్కడ చింతపండు ధర చూస్తే చారుకే ఉంచుకోవాలనిపిస్తుంది.

జులై

బొట్టు వేయాలి. మెడ వెనక ఆ ఉబ్బుని ఆకురాయితో చెక్కి తేవచ్చు గానీ పాతవాళ్ళు అలా చేయలేదు. ఉక్కు దిమ్మలో బొట్టు ఆకారం గుంటగా చెక్కి, చెంచా వీపుని దాంట్లో ఆనించి, ముందువైపు నుంచి సుత్తితో గట్టిగా కొట్టేవారు. మెడ దగ్గర పోగుచేసిన వెండి ఆ గుంటలోకి దిగుతుంది. ఆల్చిప్పలూ అలా వచ్చినవే. ఒక దుకాణంలో ఒకే అచ్చు ఏళ్ళ తరబడి వాడితే, అదే పగులు, అదే లోపం ప్రతి చెంచా మీదా పడుతుంది. ముద్ర చెరిగిన చెంచాల్ని ఏ దుకాణంవో పోల్చడానికి ఇదొక దారి.

అచ్చు నేనే చేసుకున్నాను. పనిముట్ల ఉక్కు ముక్కలో గుండ్రటి ఆకురాళ్ళతో గుంట తీసి, మెరుగుపెట్టి, అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా కాల్చి నూనెలో ముంచాను. అప్పుడు ఉక్కు గాజంత పెళుసు. అందుకని మళ్ళీ పొయ్యిలో పెట్టి, మెరుగు మీద లేత గడ్డి రంగు రాగానే తీసేశాను. ఈ ఉక్కు పనికి పట్టిన సమయంలో చెంచా సగం అయిపోయేది. ఒక్క చెంచాకి ఇది గిట్టుబాటు కాదు, డజన్ల లెక్కన చేసేవాడికే గిట్టుతుంది. వాళ్ళు డజన్ల లెక్కనే చేసేవారు.

గుంట ఇంకా చదునుగా ఉండగానే బొట్టు కొట్టాలి, తర్వాత దిమ్మ మీద కూర్చోదు. వెండిని మెత్తబరచి, మెడని అచ్చులో సరిగ్గా కూర్చోబెట్టి, బరువైన సుత్తితో కొట్టాను. తిప్పి చూస్తే బొట్టు అంచులు పదునుగా వచ్చాయి. ఇన్ని వారాల పనిలో నాకు బాగా సంతోషం ఇచ్చింది ఇదే.

తర్వాత గుంట. అప్పటి పనివాళ్ళు సీసం దిమ్మ మీద చెంచాని పెట్టి, గుంట ఆకారపు ఉక్కు పోగరతో కొట్టి దించేవారు. సీసం మెత్తగా లొంగి చుట్టూ పట్టుకుంటుంది. నేను సీసం వాడలేదు. ఆరోగ్యం సంగతి ఒకటి, ఇంకోటి వెండికి సీసం తునక అంటి ఉండగా కాలిస్తే అక్కడ వెండిని తినేసి చిల్లు పెడుతుంది. మేపుల్ మొద్దు అడ్డకోతలో గుంట చెక్కి, దాని మీద పెట్టి, గుండ్రటి తల ఉన్న సుత్తితో అంచు నుంచి లోపలికి వరసలు కొడుతూ దించాను. మెడ వైపు వెడల్పు, మొన వైపు సన్నం. అంచు ముడత పడబోతే వెంటనే చెక్క సుత్తితో నొక్కాలి. ఒకసారి మడత పడితే తీయడం కష్టం.

కాడ కొసని పైకి వంచి, వెన్నుగీతని ఆకురాయితో సరిచేశాను. ఆఖరిసారి కాల్చాక మొత్తం మీద మెరుగుపెట్టిన సుత్తితో తేలిక దెబ్బలు. ఇవి నునుపు కోసమే కాదు, వెండిని మళ్ళీ గట్టిపరచడానికి. మెత్తగా వదిలేస్తే గట్టి ఐస్‌క్రీముకే కాడ వంగిపోతుంది.

జులై ఆఖరు

ఆకురాయి పని, రాయి పని. రాయడానికి ఏమీ లేదు, చేయడానికి చాలా ఉంది.

ఒక్కటి మాత్రం. నునుపు చేస్తుంటే అక్కడక్కడా ఊదా బూడిద కలిసిన మచ్చలు బయటపడ్డాయి. వెండిలో రాగి ఉంది కాబట్టి కాల్చినప్పుడల్లా గాలి వెండి పైపొర లోపలికి దిగి రాగిని కమలుస్తుంది. నిమ్మ ఉప్పు పైపై మచ్చనే తీస్తుంది. లోపలిది పోవాలంటే రాయితో అరగదీయాలి. పూర్తిగా తీయలేదు, బొట్టు చుట్టూ కొంచెం వదిలేశాను. పాత చెంచాలు కొనేవాళ్ళు ఆ మచ్చ కనిపిస్తే సంతోషిస్తారు, యంత్రం మీద పెట్టి ఎవరూ గీకేయలేదని నమ్మకం. నా బ్రిమ్‌ఫీల్డ్ చెంచా వీపు మీదా ఉంది, అదే చోట.

ఈ రాయి పని చేస్తున్నప్పుడు ఒకటే ఆలోచన. దుకాణంలో ఈ పని ఎవరు చేసేవారు? ముద్రలో పేరున్న పెద్దమనిషి అయితే కాదు. ఇరవై ఒకటో ఏడు దాకా పని నేర్చుకునే ఒప్పందం మీద ఉన్న కుర్రాళ్ళు, రోజు కూలికి వచ్చే పనివాళ్ళు చేసేవారు. ఛార్లెస్టన్ లాంటి చోట్ల బానిసలుగా ఉన్న నల్లజాతి పనివాళ్ళు. వాళ్ళు కొట్టిన చెంచా మీద యజమాని ముద్ర పడింది. తన పేరుతో తన ముద్ర వేసుకోగలిగిన ఆఫ్రికన్ సంతతి వెండి పనివాళ్ళు అప్పట్లో చాలా అరుదు. పీటర్ బెంట్జన్ అలాంటివాడు. కరీబియన్ దీవుల్లో పుట్టి, ఫిలడెల్ఫియాలో పని నేర్చుకుని, అక్కడా సెయింట్ క్రోయ్ దీవిలోనూ దుకాణం నడిపాడు. న్యూయార్కులో మైయర్ మైయర్స్ యూదుడు, చర్చి పాత్రలూ చేశాడు, యూదుల ప్రార్థనాలయాలైన సినగాగుల్లో తోరా అనే పవిత్ర గ్రంథపు చుట్టల మీద పెట్టే వెండి కిరీటపు మొగ్గలూ చేశాడు. పెద్ద దుకాణం ఆయనది. ముద్ర చూసి ‘ఈయన చేశాడు’ అంటే ‘ఈయన దుకాణం నుంచి వచ్చింది’ అని మాత్రమే అర్థం చేసుకోవాలి. రివీర్ ముద్ర అయితే ఇంకా జాగ్రత్త పడాలి. ముద్ర లేని పాత చెంచా మీద దొంగ ముద్ర కొట్టి అమ్మినవి చాలా ఉన్నాయి.

ఆగస్టు

చెక్కడం. 1768లో కాప్లీ అనే చిత్రకారుడు గీసిన చిత్రంలో రివీర్ కోటు లేకుండా, చేతిలో టీ పాత్రతో కూర్చుని ఉంటాడు. పాత్ర కింద తోలు దిండు, బల్ల మీద చెక్కే ఉలులు. ఆ దిండు లేకుండా ఈ పని కాదు. ఉలి పట్టుకున్న చేయి దాదాపు కదలదు, రెండో చేత్తో వస్తువుని దిండు మీద తిప్పుతారు.

భార్యాభర్తల చెంచా మీద మూడు అక్షరాలు త్రికోణంలో ఉండేవి. పైన ఇంటిపేరు, కింద ఎడమన భర్త పేరు, కుడిన భార్య పేరు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి ఈ పద్ధతి భలే సుఖంగా ఉంది. ఇంగ్లీషు అక్షరాలైతే నిలువు గీతలు, అడ్డ గీతలతో తేలిగ్గా అయిపోతుంది. నేను తెలుగు అక్షరాలే వేశాను. గుండ్రాల మీద ఉలి ఎప్పుడు జారుతుందోనని చాలా టెన్షన్ పడ్డాను. తలకట్టు దగ్గర ఒకచోట వెడల్పు ఎక్కువైంది, కానీ దూరం నుంచి తెలియదు. ఆ కాలపు రివాజు ప్రకారం అక్షరాలు వీపు మీదే.

ముద్ర విషయంలో ఇక్కడి చట్టం ఒకటుంది. వెండి స్వచ్ఛత ఇంత అని ముద్ర వేస్తే పక్కన నమోదైన ట్రేడ్‌మార్కు కూడా వేయాలి. స్వచ్ఛత ముద్ర వేయకపోతే ఆ బాధ లేదు. 1760లో బోస్టన్ పనివాడూ స్వచ్ఛత అంకె వేయలేదు, పేరు ఒక్కటే. నేనూ ఇంటిపేరు మొదటి అక్షరాన్ని గడిలో పెట్టి ఒకే పోటు కొట్టాను.

తూకం: చెంచా 61 గ్రాములు. అప్పటి లెక్కలో 1 ఔన్సు 19 పెన్నీవెయిట్లు, పెన్నీవెయిట్ అంటే వెండి తూచే ఔన్సులో ఇరవయ్యో వంతు. మనకి తులం కూడా ఈ కుటుంబంలోదే, 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా ఏడున్నర పెన్నీవెయిట్లు. ఆ పాత తులాల్లో చెంచా అయిదు తులాల పైచిలుకు. పొడి, కత్తిరింపులు కలిపి 12 గ్రాములు తిరిగి వచ్చాయి. ఆచారి గారికి ఫోటో పంపితే అడిగిన మొదటి ప్రశ్న, “తరుగెంత?” రెండు గ్రాములండీ అన్నాను. “పర్లేదు. మజూరీ ఎంత వేస్తావు?” అన్నారు. రివీర్ పుస్తకాల్లోనూ వెండి బరువుకి ఒక లెక్క, చేసినందుకు కూలి విడిగా ఇంకో లెక్క. నా గంటలు లెక్కేస్తే ఆ చెంచాని కొనేవాడు ఉండడు.

మావారు దాంతో పెరుగన్నం తిన్నారు. బరువుగా ఉందన్నారు. తర్వాత ఆ చెంచానే అడిగి తీసుకుంటున్నారు.

తరవాతిది టీ స్పూను, వీపు మీద ఆల్చిప్పతో. టీ ఖరీదైన రోజుల్లో కప్పులూ చిన్నవే, చెంచాలూ చిన్నవే, కాబట్టి మిగిలిన 12 గ్రాములు ఇంచుమించు సరిపోవచ్చు. ముందు ఆ పొడిలోంచి ఆకురాళ్ళ ఇనప రజనుని అయస్కాంతంతో తీసేయాలి. ఆల్చిప్ప అచ్చుకి ఉక్కు ముక్క కోసి పెట్టాను, గీతలు ఎన్ని వేయాలో ఇంకా తేల్చుకోలేదు.